కాలేజీ వెనక గెడ్డ ఉందా? అయితే సగం ల్యాబ్ ఉన్నట్టే

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడి వైపు వాగు అనరు, గెడ్డ అంటారు. కొండ మీంచి దిగి, రోడ్డు కింద కల్వర్టులోంచి దూరి, ఎవరిదో పొలం గట్టును ఒరుసుకుంటూ పోయి చివరికి మహేంద్రతనయలోనో వంశధారలోనో కలిసే చిన్న నీటి పాయ. ఊరి చివర కట్టిన కాలేజీ అయితే ప్రహరీ లోపలో అవతలో ఇలాంటిది ఒకటి ఉండే అవకాశం ఎక్కువ. దాని పేరు ప్రిన్సిపాల్‌కి తెలీకపోవచ్చు, అటెండర్‌ని అడగండి, చెబుతాడు. పరీక్షల రోజుల్లో చిట్టీలు పోయేది అందులోకే, క్యాంటీన్ గిన్నెలు కడిగిన నీళ్లు పోయేదీ అందులోకే.

నేను అలాంటి ఒక చోట సాయంత్రం క్లాసులు చెబుతాను, కమ్యూనిటీ కాలేజీ కోర్సు. కొత్తగా వినేవాళ్ల కోసం రెండు ముక్కలు. అమెరికాలో ఈ రకం కాలేజీ 1901లో జోలియెట్ అనే ఊళ్లో మొదలైంది, మన దగ్గర 1995లో పాండిచ్చేరి యూనివర్సిటీ మొదలుపెట్టింది, 2013లో యూజీసీ దాన్ని ఒక పథకంగా తెచ్చింది. డిగ్రీకి వెళ్లలేకపోయినవాళ్లకి, పని చేసుకుంటూ చదివేవాళ్లకి ఉపయోగపడే చదువు. నా క్లాసులో పగలంతా మందుల షాపులో నిలబడి వచ్చేవాళ్లున్నారు, పిల్లల్ని బడికి పంపడం మొదలుపెట్టాక మళ్లీ తామూ పుస్తకం పట్టిన ఆడవాళ్లున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు సగం, ఒడియా కొందరు, ఇక్కడి గిరిజనుల భాష సవర కొందరు. ఇలాంటి క్లాసుకి ప్రొజెక్టర్ పెట్టి జీవావరణం గురించి స్లైడ్లు చూపిస్తే పావుగంటలో నిద్రపోతారు, వాళ్ల తప్పేం లేదు, పొద్దున ఐదింటికి లేచినవాళ్లు.

నేను మొదటిసారి చేసిన తప్పు ముందు చెప్పేస్తాను, మీరు చెయ్యకుండా ఉంటారు. 42 మందిని ఒకేసారి, మిట్టమధ్యాహ్నం, స్లిప్పర్లతో తీసుకెళ్లాను. ఏం చూడాలో నాకే తెలీదు. పది నిమిషాల్లో అది పిక్నిక్ అయిపోయింది, సెల్ఫీలు, చిప్స్ ప్యాకెట్లు, ఒకడి ఫోను నీళ్లలో పడింది, ఇంకో అమ్మాయి పగిలిన సీసా ముక్క తొక్కితే టీటీ ఇంజెక్షన్ చేయించుకుని వచ్చాం. నేర్చుకున్నది మాత్రం ఎవరూ ఏమీ లేదు. అందుకే నా మొదటి సలహా: ఒంటరిగా మూడుసార్లు వెళ్లి చూసి రండి, ఆ తర్వాతే క్లాసు.

పర్మిషన్ అడిగేటప్పుడు 'నేచర్ వాక్' అనకండి, ఆ మాట వింటే ఆఫీసులో నవ్వుతారు. సుప్రీంకోర్టు 1991లో పర్యావరణం అన్ని స్థాయిల్లో చదువులో భాగం కావాలని చెప్పింది, ఆ తర్వాత డిగ్రీవాళ్లకి యూజీసీ పెట్టిన ఆరు నెలల సిలబస్‌లో ఫీల్డ్ వర్క్ ఒక యూనిట్‌గా ఉంది, అందులో దగ్గర్లో ఉన్న నదినో కొండనో వెళ్లి చూసి రాయమని ఉంటుంది. ఆ పేజీ జిరాక్స్ తీసి అర్జీకి పిన్ చేయండి. నా అనుభవంలో మనం బతిమాలిన దానికంటే ఆ కాగితమే ఎక్కువ పని చేసింది. అవతలి గట్టు ఎవరి పొలమో కనుక్కుని ఆ రైతుకి కూడా ముందే ఒక మాట చెప్పండి, లేకపోతే వరి నాట్ల టైంలో గట్టు తొక్కారని గొడవ.

ఇక భయం సంగతి. మన గెడ్డలు చూడ్డానికి మోకాలి లోతే ఉంటాయి, కానీ ఇక్కడ చుక్క వాన లేకపోయినా పైన కొండ మీద కురిస్తే గంటలో నడుం దాకా వచ్చేస్తాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటినప్పుడు గజపతి జిల్లాలో వరదలు, కొండచరియలు ఎంతమంది ప్రాణాలు తీశాయో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. కాబట్టి కొండ వైపు నల్లగా ఉంటే వెళ్లొద్దు. నీళ్లు ఉన్నట్టుండి ఎర్రబడితే, ఆకులూ పుల్లలూ కొట్టుకు రావడం మొదలైతే, పుస్తకం అక్కడ వదిలేసైనా గట్టెక్కాలి. మోకాలు దాటిన నీళ్లలోకి ఎవరూ దిగకూడదు, ఈత వచ్చినవాడు అస్సలు దిగకూడదు, వాడికే ధైర్యం ఎక్కువ. కాళ్లకి పాత బూట్లో, గట్టిగా కట్టుకునే చెప్పులో ఉండాలి. చేతికి కాలికి పుండు ఉన్నవాళ్లు గట్టు మీద కూర్చుని లెక్కలు రాస్తారు, ఎందుకంటే ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ అలాంటి పుండ్లలోంచే ఒంట్లోకి వెళ్తుంది. తిరిగొచ్చాక సబ్బుతో చేతులు కడుక్కున్నాకే టిఫిన్.

చోటు ఎంచుకోవడం మీద కాస్త టైం పెట్టండి. నాకు మూడు చోట్లున్నాయి: గెడ్డ కాలేజీ స్థలంలోకి వచ్చే చోట ఒకటి, మధ్యలో కానుగ చెట్టు కింద ఒకటి, క్యాంటీన్ పైపు కలిసిన తర్వాత దిగువన ఒకటి. ప్రతి చోటా రాయి మీద పెయింటుతో గుర్తు పెట్టాం. నెలకి ఒకసారి, మొదటి ఆదివారం పొద్దున ఏడింటికి, ఆ మూడు చోట్లకే వెళ్తాం. వేరే అందమైన చోటు కనపడినా అటు పోం. ఒకే చోటికి పదిసార్లు వెళ్తే తప్ప ఏం మారిందో తెలీదు, జూన్‌లో ఉన్న ఇసక దిబ్బ సెప్టెంబరులో ఎక్కడికి పోయిందో అడిగే పిల్ల మీ క్లాసులో పుట్టాలంటే ఆ దిబ్బని ఆమె జూన్‌లో చూసి ఉండాలి కదా.

మొదటి రోజు ఏ పరికరమూ వద్దు. ఇరవై నిమిషాలు, ఒక్కొక్కరు ఒక్కో చోట కూర్చుని, విన్నదీ చూసిందీ రాయాలి, ఏ భాషలోనైనా సరే. అందరూ మొదటి ఐదు నిమిషాలు దిక్కులు చూస్తారు, కంగారు పడకండి. పదో నిమిషానికి ఎవడో ఒకడు లకుముకి పిట్టని చూస్తాడు, ఇంకొకరు నీళ్ల మీద నడిచే పురుగుల్ని. మందుల షాపు కుర్రాడు రాసిన ఒక వాక్యం నాకు ఇప్పటికీ గుర్తుంది: 'పైన నీళ్లు పోతన్నాయి, కింద ఇసక కూడా పోతంది, గింజ గింజా దొర్లతంది.' జియాలజీ మాస్టారు దీన్ని రెండు క్లాసులు చెబుతారు.

రెండోసారి నీళ్ల వేగం కొలవండి. ఇది చెప్పడానికి నాకు కార్తీక మాసం కంటే మంచి టైం కనపడలేదు. మన ఇళ్లలో కార్తీక పౌర్ణమికి అరటి దొప్పలో దీపం పెట్టి నీళ్లలో వదులుతారు, అదే పౌర్ణమికి ఒడియావాళ్లు బొయిత వందాణ అని చిన్న చిన్న పడవలు వదులుతారు, పూర్వం ఇక్కడి వర్తకులు ఓడల మీద తూర్పు దేశాలకి వెళ్లినదానికి గుర్తుగా. క్లాసులో ఇద్దరి ఇళ్లలోనూ అదే రోజు అదే పని. వానలు వెనక్కి తగ్గి నీళ్లు కూడా ఒక దారికి వచ్చి ఉంటాయి. దీపం లేకుండా ఉత్త దొప్ప తీసుకోండి, గాలికి పక్కకి పోతుందనుకుంటే నీళ్లలో తేలే నిమ్మకాయ ఇంకా మేలు, చాలావరకు మునిగే ఉంటుంది.

గెడ్డ కాస్త తిన్నగా ఉన్న చోట పది మీటర్లు టేపుతో కొలిచి రెండు కర్రలు పాతండి. పై కర్రకి కాస్త ఎగువన కాయ వదలాలి, కర్ర దాటగానే ఫోనులో స్టాప్‌వాచ్ నొక్కాలి, కింది కర్ర దగ్గర ఆపాలి. మధ్యలో మూడుసార్లు, రెండు అంచుల దగ్గర చెరోసారి చేసి సగటు తీయండి. తర్వాత అడ్డంగా తాడు కట్టి వెడల్పు కొలిచి, ప్రతి అర మీటరుకీ కర్ర స్కేలుతో లోతు కొలవండి. ఉదాహరణకి వెడల్పు 2 మీటర్లు, సగటు లోతు పావు మీటరు అనుకోండి, రెండూ గుణిస్తే నీళ్ల అడ్డకోత అర చదరపు మీటరు. నిమ్మకాయకి 25 సెకన్లు పడితే వేగం సెకనుకి 0.4 మీటర్లు. కానీ పైన నీళ్లు పోయినంత వేగంగా అడుగున పోవు, రాళ్లూ ఇసకా పట్టి లాగుతుంటాయి, అందుకని 0.85తో గుణించాలి, 0.34 వస్తుంది. దాన్ని అర చదరపు మీటరుతో గుణిస్తే సెకనుకి 0.17 ఘనపు మీటర్లు, అంటే 170 లీటర్లు.

ఇక్కడ ఆగండి. 170 లీటర్లంటే ఎంత అని అడిగి ఊరుకోండి. మా క్లాసులో ఒకావిడ, ఇద్దరు పిల్లల తల్లి, వెంటనే అంది, 'మాస్టారూ, మా ఇంట్లో పెద్ద నీళ్ల డ్రమ్ము 200 లీటర్లు, అంటే మీరు అలా చెప్తుండగానే ఒక డ్రమ్ము పోయినట్టేగా.' ఆ రోజు తర్వాత దశాంశ గుణకారం గురించి ఎవరూ భయపడలేదు. కామర్స్ వాళ్లకి ఇంకో లెక్క ఇస్తాను: చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు, మరి రెండు హెక్టార్ల క్యాంపస్ మీద 20 మిల్లీమీటర్ల వాన పడితే? 4 లక్షల లీటర్లు, 5000 లీటర్ల ట్యాంకర్లు 80. ఎండాకాలం హాస్టల్‌కి ట్యాంకరు ఎంతకి తెప్పిస్తున్నారో ఆఫీసులో కనుక్కుని గుణించమనండి, మిగతా చర్చ వాళ్లే చేసుకుంటారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది పురుగుల క్లాసు. పాత దోమతెర ముక్కని రెండు వెదురు కర్రలకి కట్టి, నీళ్లకి అడ్డంగా అడుగుని ఆనించి ఒకరు పట్టుకోవాలి. ఎగువ వైపు నిలబడ్డ మనిషి అడుగున రాళ్లని కాలితో ఒక నిమిషం పాటు కెలకాలి. కొట్టుకొచ్చినదంతా తెరలో పడుతుంది, దాన్ని నీళ్లు పోసిన తెల్ల పళ్లెంలో దులపండి. మొదట ఆకు ముక్కలూ ఇసకా తప్ప ఏమీ కనపడదు. కదపకుండా రెండు నిమిషాలు చూడండి, ఆకు ముక్క అనుకున్నది నడవడం మొదలుపెడుతుంది. చెంచాతో ఒక్కోదాన్నీ ఐస్ ట్రేలో గదికొకటి వేస్తే పోల్చుకోవడం తేలిక.

పేర్ల గురించి టెన్షన్ పడకండి. మూడు తోకలుండి, పొట్టకి రెండు పక్కలా ఈకల్లాంటి మొప్పలు ఆడిస్తుంటే అది మేఫ్లై పిల్ల. ఇసక గింజల్ని పట్టుదారంతో అంటించి గొట్టంలా ఇల్లు కట్టుకుని అందులోంచి తల బయట పెట్టేది క్యాడిస్‌ఫ్లై పిల్ల, దీన్ని చూసినప్పుడు మాత్రం క్లాసు మొత్తం పళ్లెం మీదకి వంగుతుంది. బొద్దుగా, కింది దవడ ముందుకి చాచి వేటాడేది తూనీగ పిల్ల. మొదటి రెండు రకాలకీ నీళ్లలో ప్రాణవాయువు బాగా ఉండాలి, అవి ఉన్నాయంటే నీళ్ల ఆరోగ్యం ఫరవాలేదు. ఎర్రగా దారప్పోగుల్లా మెలికలు తిరిగేవి ఒక రకం ఈగల పిల్లలు, వాటికి మన రక్తంలో ఉన్నట్టే హిమోగ్లోబిన్ ఉంటుంది, ఆ రంగు అదే, అందువల్ల గాలి తక్కువున్న బురదలోనూ బతికేస్తాయి. పళ్లెంలో అవి తప్ప ఇంకేం లేకపోతే ఎగువన ఏదో కలుస్తోందని అర్థం. మా మొదటి చోట క్యాడిస్ గొట్టాలు దొరికాయి, మూడో చోట ఎర్ర పోగులే. రెండింటికీ మధ్య దూరం ఒక ఫుట్‌బాల్ గ్రౌండంత కూడా ఉండదు. చూడటం అయ్యాక అన్నిటినీ పట్టిన చోటే వదిలెయ్యాలి, ఇంటికి సీసాలో పట్టుకెళ్తాననే కుర్రాడు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకడుంటాడు.

రసాయన పరీక్షలు తక్కువలోనే అయిపోతాయి. పీహెచ్ కాగితం, థర్మామీటరు, నీళ్లలో కరిగిన లవణాలు ఎంతో చూపే, కొన్ని వందల రూపాయల్లో దొరికే టీడీఎస్ మీటరు చాలు. పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉంటే మామూలే. కెమిస్ట్రీ ల్యాబ్ వాళ్లు సాయం చేస్తే నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కూడా చూడండి: 20 డిగ్రీల దగ్గర లీటరుకి దాదాపు 9 మిల్లీగ్రాములు, 30 డిగ్రీల దగ్గర ఏడున్నర, అంతకు మించి నీళ్లు మామూలుగా పట్టుకోలేవు. స్నానానికి పనికొచ్చే నీళ్లంటే కనీసం 5 ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క. ఒక మాట గట్టిగా చెప్పండి: టీడీఎస్ తక్కువ వచ్చిందని తాగకూడదు, ఆ మీటరుకి క్రిములు కనపడవు. దానికి హెచ్‌టూఎస్ సీసా ఉంది, 1982లో మన దేశంలోనే తయారైన పద్ధతి. నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు వెచ్చగా ఉంచితే, మలం కలిసిన నీళ్లయితే నల్లబడుతుంది. సీసా నల్లబడ్డ రోజు నేను వేరే ఏ పాఠమూ చెప్పలేదు, చేతులు కడుక్కోమని మళ్లీ ఎప్పుడూ చెప్పాల్సిన అవసరమూ రాలేదు.

భాష చెప్పేవాళ్లు ఇది సైన్సువాళ్ల వ్యవహారం అని తప్పుకోవద్దు. మేం గోడకి ఒక చార్టు పెట్టాం, గెడ్డ దగ్గర కనపడ్డ ప్రతిదానికీ ఎవరింట్లో ఏమంటారో ఆ పేరు. మనం గెడ్డ అన్నది ఒడియావాళ్లకి నాళొ, చేప వాళ్లకి మాఛొ. మహారాష్ట్రలోని సిరొంచ నుంచి కోడలుగా వచ్చినావిడ ఒకరు తమ వైపు వాగు అంటామంది, ఇంకా చిన్నదైతే ఒర్రె అట. సవర గడి మొదట్లో ఖాళీగా ఉండేది, ఆ పిల్లలు నోరు విప్పలేదు. అప్పుడు గిడుగు రామమూర్తి గారి సంగతి చెప్పాను, ఇదే పర్లాకిమిడిలో పంతులుగా పనిచేస్తూ సవరలని ఇంట్లో పెట్టుకుని వాళ్ల దగ్గర భాష నేర్చుకున్నారని, 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయని. మంగై గొమాంగో 1936లో ఆ భాషకి లిపి తయారుచేసిన సంగతి వాళ్లే నాకు చెప్పారు. తర్వాతి నెలకి ఆ గడి నిండటమే కాదు, చేపల్లో నాకు ఒకే రకంగా కనపడ్డవాటికి మూడు వేర్వేరు పేర్లు రాశారు. ఇంటి దగ్గర ముసలివాళ్లని అడిగి గెడ్డ పూర్వం ఎటు పారేది, ఏ చేపలు దొరికేవి అని రాసుకు రమ్మనండి, దానికి మార్కులు వెయ్యండి, మార్కులు లేకపోతే ఎవరూ అడగరు.

ఇప్పుడు క్యాంటీన్ పైపు సంగతి. ఎర్ర పోగులు దొరికాక మా వాళ్లకి ఆవేశం వచ్చింది, వీడియో తీసి పెట్టేద్దాం అన్నారు. వద్దన్నాను. ముందు నాలుగు నెలల లెక్కలు తేదీలతో సహా ఒక పేజీలో రాసి ఆఫీసుకి ఇచ్చాం. చూస్తాం అన్నారు, చూడలేదు. రెండోసారి కామర్స్ పిల్లలు ఇంకుడు గుంతకి ఇటుక, కంకర, కూలీ ఎంతవుతుందో ఎస్టిమేట్ వేసి జతచేశారు, దాంతో కనీసం కొలతలు తీసుకోవడానికి ఒక మనిషి వచ్చాడు. పైపు ఇంకా అక్కడే ఉంది. నాకు కోపమే, కానీ అమెరికాలో బర్కిలీ యూనివర్సిటీ క్యాంపస్ మధ్యలోంచి పారే స్ట్రాబెర్రీ క్రీక్ కూడా ఒకప్పుడు మురుగుతో పాడైందే, 1980ల్లో కలిసే పైపులు ఒక్కొక్కటీ వెతికి సరిచేశాక మళ్లీ అక్కడి చేపల్ని వదిలారు, ఇప్పటికీ అక్కడ క్లాసులు జరుగుతాయి. మీ పిల్లలు కొలిచిన అంకెలు ఆఫీసుకి ఇవ్వండి, నింద వెయ్యకండి, కాపీ మాత్రం మీ దగ్గర ఉంచుకోండి.

రికార్డుకి యాప్ అక్కర్లేదు, పెద్ద లెడ్జరు పుస్తకం ఒకటి కొనండి. పేజీకి ఒక తేదీ, మూడు చోట్లకీ మూడు గడులు: నీళ్ల ప్రవాహం, వేడి, పీహెచ్, పురుగులు, ఆ రోజు వింతగా కనపడ్డదేదైనా. పెన్సిల్‌తో రాయించండి, తడిస్తే పెన్ను అలుక్కుపోతుంది. మా దాంట్లో జులై పేజీ సగం చదవడానికి లేదు, జెల్ పెన్ను మహిమ.

మేలో ఏం చేస్తారని అడుగుతారు, అప్పుడు గెడ్డలో నీళ్లే ఉండవు కదా. నాకు ఆ నెల క్లాసంటే ఇంకా ఇష్టం. రెండో చోట కానుగ నీడలో ఇసక మీద కూర్చుని చెలమ తవ్వుతాం. మోచేతి లోతు తవ్వేసరికి ఇసక తడి తగులుతుంది, ఇంకో జానెడు తవ్వి ఊరుకుంటే అడుగున నీళ్లు ఊరడం మొదలవుతుంది, మొదట బురదగా, రెండు మూడుసార్లు తోడి పారబోశాక తేటగా. గుంటలో కర్ర నిలబెట్టి ఐదు నిమిషాలకోసారి నీటి మట్టం రాసుకోండి, ఎంత వేగంగా ఊరుతోందో గ్రాఫ్ వస్తుంది. పోయిన మేలో ఆ డ్రమ్ము లెక్క చెప్పిన తల్లి తన చిన్న కొడుకుని కూడా తీసుకొచ్చింది. వాడు చెలమ పక్కనే ఇంకో చెలమ తవ్వాడు. మేం మా గుంటలోంచి చెంబుతో తోడగానే వాడి గుంటలో నీళ్లు కాస్త దిగాయి, వాడు ఏడుపు మొహం పెట్టి మా వైపు చూశాడు. భూగర్భ జలాల పాఠం నేను ఇంకా మొదలే పెట్టలేదు.